అలుగు లేని గుంతలు: పాత గనుల వరద ముప్పు కంప్యూటర్ లెక్కకు ఎందుకు అందడం లేదు?

హనుమంతునిపాడు మండలంలో వరద గురించి మాట్లాడితే ముందు నవ్వొస్తుంది. కనిగిరి చుట్టుపక్కల ఊళ్లకు తెలిసిన కష్టం వేరు. బోరు ఎండిపోవడం, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుని కూర్చోవడం, ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు పాడవడం, కీళ్లు పట్టేయడం. పశ్చిమ ప్రకాశం అంటే కరువు అనే రాష్ట్రమంతా అనుకుంటుంది. అలాంటి చోట వరద మోడల్, కంప్యూటర్ లెక్క అంటే ఎవరికి పట్టింది?

కానీ కరువు ప్రాంతానికి వరద రాదనుకోవడమే అసలు ప్రమాదం. ఇక్కడ వాన ఏడాది పొడవునా పడదు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తుపానో వాయుగుండమో వస్తే రెండు మూడు రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. మిగతా రోజుల్లో వాగు ఎండి ఉంటుంది కాబట్టి జనం అందులో దారి వేసుకుంటారు, గట్టున కొట్టం వేస్తారు, ఒడ్డు దున్నుతారు. వాగు వచ్చే రోజుకు దాని దారిలో ఏదో ఒకటి అడ్డం ఉంటుంది.

పక్కనే ఉన్న కడప కూడా కరువు సీమే. 2021 నవంబరు 19న అక్కడ చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. తెల్లవారుజామున ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఎండిన ఏరు ఎంత పని చేయగలదో ఆ ఒక్క పొద్దు చూపించింది.

ఇప్పుడు ఈ లెక్కలోకి ఇంకోటి వచ్చి చేరుతోంది. తవ్వి వదిలేసిన గనుల గుంతలు. మార్కాపురం చుట్టూ పలకల గనులు, ఊరూరా రోడ్ల కోసం తీసిన గ్రావెల్ గుంతలు, కంకర క్వారీలు. వాన నీళ్లు వాటిలోకి ఎటు నుంచి వస్తాయి, నిండితే ఎటు పోతాయి, దారిలో ఎవరి ఇల్లుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే కంప్యూటర్ మోడళ్లు ఇవాళ ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా మన ప్రాంతానికి ఆ జవాబు రావడం లేదు. లోపం సాఫ్ట్‌వేర్‌లో లేదు. దానికి మనం ఇచ్చే నేల లెక్కలో ఉంది.

పలకల మార్కాపురం మిగిల్చింది ఏమిటి?

ఒకప్పుడు తెలుగు పిల్లాడు అ, ఆ దిద్దినా, ఉర్దూ పిల్లాడు అలిఫ్, బే దిద్దినా చేతిలో ఉన్నది చాలాసార్లు మార్కాపురం పలకే. కడప శిలా ప్రాంతంలో కంభం శ్రేణి అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే పొరల్లో ఈ పలక రాయి దొరుకుతుంది. గనిలో రాయి తీసేవాళ్లు, కోసేవాళ్లు, చట్రం బిగించేవాళ్లు, లారీ ఎత్తేవాళ్లు ఇలా వేల కుటుంబాలు దాని మీద బతికాయి. వాటిలో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. తర్వాత నోటు పుస్తకాలు పెరిగాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. గిరాకీ పడిపోయింది. గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

గని మూతపడటం అంటే దుకాణం షట్టరు దించినట్టు కాదు. దుకాణం మూస్తే నష్టం అక్కడితో ఆగుతుంది. గనిలో గుంత అలాగే ఉంటుంది. పక్కనే పనికిరాని రాయి పోసిన దిబ్బ ఉంటుంది. లారీలు తిరిగిన దారి వాగుకు అడ్డంగా ఉంటుంది. లీజుదారుడి పద్దు పుస్తకం మూసినా ఊరి పద్దు నడుస్తూనే ఉంటుంది.

పలక రాయికి ఇంకో గుణం ఉంది. అది పొరలు పొరలుగా చీలుతుంది. అందుకే అది పలకైంది. అదే గుణం వల్ల గుంత గోడలు తడిస్తే పొర వెంబడి జారిపడే అవకాశం ఉంటుంది. గట్టి రాయి కాబట్టి పగుళ్లు లేని చోట నీరు తొందరగా ఇంకదు. చెరువు ఎండినా గుంతలో నీళ్లు నిలుస్తాయి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఈతకు వెళ్లేది అలాంటి గుంతలకే. క్వారీ గుంతల్లో మునిగి పిల్లలు చనిపోయిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా వస్తూనే ఉన్నాయి.

గుంత ఎప్పుడు మిత్రుడు, ఎప్పుడు శత్రువు?

ఇక్కడ ఒక విషయం సూటిగా చెప్పుకోవాలి. ప్రతి గుంతా ప్రమాదం కాదు. ఖాళీగా ఉన్న గుంత వరదను ఆపుతుంది. కొండ మీద నుంచి వచ్చే నీళ్లు ముందు దాంట్లో పడతాయి, కింద ఊరికి తగ్గి వెళతాయి. నిండిన గుంత సంగతి వేరు. పైనుంచి వచ్చిన నీటిని అది వచ్చినట్టే కిందికి వదిలేస్తుంది. అంచు బలహీనంగా ఉంటే లోపల దాచుకున్నది కూడా కలిపి పంపిస్తుంది.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఒక చదరపు కిలోమీటరు కొండవాలు, అంటే సుమారు 247 ఎకరాలు. దాని మీద ఒక రాత్రిలో 200 మిల్లీమీటర్ల వాన పడింది. వాతావరణ శాఖ భాషలో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్ల వరకూ 'అతి భారీ వర్షం' కిందికి వస్తుంది. పడిన దాంట్లో సగం నేలలోకి పోయి సగం పారిందనుకుంటే, పారిన నీరు లక్ష ఘనపు మీటర్లు. అంటే 10 కోట్ల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే 20 వేల ట్యాంకర్లు.

ఇప్పుడు 200 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతున్న గుంత అనుకోండి. అందులో పట్టేది 96 వేల ఘనపు మీటర్లు. అది ఖాళీగా ఉంటే ఆ రాత్రి నీళ్లు దాదాపు మొత్తం మింగేస్తుంది. ముందు వారం వానకే నిండి ఉంటే ఒక్క ట్యాంకరు కూడా మిగల్చదు. వానా అదే, గుంతా అదే. మారింది ఒక్కటే, వానకు ముందు రోజు గుంతలో నీటి మట్టం. ఆ ఒక్క అంకె ఇవాళ ఎవరి దగ్గరా రాసి ఉండదు.

మన చెరువులు కట్టిన పెద్దలకు ఈ విషయం బాగా తెలుసు. కంభం చెరువు విజయనగర కాలం నాటిది. దాన్నీ, పక్కనే కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువునీ 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ నీటి కట్టడాలుగా గుర్తించింది. పోరుమామిళ్ల దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ అందులో రాసి పెట్టారు. చెరువు కట్టే ముందే నీళ్లు ఎక్కడ నుంచి వస్తాయి, ఎక్కువైతే ఎటు పోవాలి అని చూసేవాళ్లు. అందుకే చెరువుకు తూము ఉంటుంది, అలుగు ఉంటుంది.

గని గుంతకు తూమూ లేదు, అలుగూ లేదు. ఎక్కువైన నీరు ఎటు పోవాలో ఎవరూ నిర్ణయించలేదు. ఆ దారి నీళ్లే వెతుక్కోవాలి.

పాత గని నీళ్లు చేసిన నష్టాలు

ఇది ఊహ కాదు, జరిగినవి ఉన్నాయి. 2003 జూన్ 16న సింగరేణిలో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అంతకు ముందు 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో పాత గనిలో నిలిచిన నీరు, పని జరుగుతున్న గనిలోకి విరుచుకుపడి 370 మందికి పైగా బలయ్యారు. 1979లో వచ్చిన 'కాలా పత్థర్' సినిమా వెనక ఉన్నది ఆ ఘటనే.

అవి భూమి లోపలి బొగ్గు గనులు. మార్కాపురం పలకల గనులు పైనుంచి తవ్వినవి. రెండూ ఒకటి కాదు. కానీ వదిలేసిన చోట నిలిచిన నీటిని ఎవరూ కొలవకపోవడం రెండు చోట్లా ఒకటే.

పని ఆగిపోయి ఎన్నో ఏళ్లైన గని కూడా ఊరి మీద పడగలదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో స్కివెన్ అనే ఊరు ఉంది. 2021 జనవరి 21న తుపాను వానకు అక్కడి పాత బొగ్గు గని లోపలి నీళ్లు, దారి మూసుకుపోవడంతో ఒక్కసారిగా భూమి చీల్చుకుని వీధిలోకి వచ్చాయి. సుమారు 80 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. తర్వాత గని నీళ్లు పోవడానికి కొత్తగా దారి కట్టాల్సి వచ్చింది. గనుల పటాలు, నిపుణులు, ప్రత్యేక ప్రభుత్వ సంస్థ అన్నీ ఉన్న దేశంలో జరిగింది ఇది.

అదే వేల్స్‌లో అబెర్‌ఫాన్ పేరు ఇప్పటికీ జనం మర్చిపోలేదు. 1966 అక్టోబరు 21న వానకు నానిన గని వ్యర్థాల దిబ్బ కొండ మీద నుంచి జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ దిబ్బను నీటి ఊట మీద పోశారని తర్వాత తేలింది. అక్కడ ముప్పు గుంతలో లేదు, దిబ్బలో ఉంది. మన దగ్గర గుంతను చూసి భయపడతాం, దిబ్బను ఎవరూ చూడరు.

కంప్యూటర్ మోడల్ అంటే జమా ఖర్చుల పుస్తకమే

మోడల్ అనగానే పెద్ద మాట అనిపిస్తుంది. నిజానికి అది నీళ్ల పద్దు పుస్తకం. జమ వైపు వాన, పైనుంచి వచ్చే వాగు. ఖర్చు వైపు నేలలో ఇంకేది, ఆవిరయ్యేది, కిందికి పారేది. మిగిలింది నిల్వ. దుకాణం లెక్క రాత్రికి ఒకసారి కడతాం. మోడల్ ఈ లెక్కను నేలను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడికీ కొన్ని సెకన్లకు ఒకసారి కడుతుంది. ఈ గడి నుంచి పక్క గడికి ఎంత నీరు పోయింది అని చూసుకుంటూ పోతుంది. చివరికి ఏ వీధిలో ఎంత లోతు నీరు నిలుస్తుంది, ఏ గంటకు వస్తుంది అనే పటం వస్తుంది.

అమెరికా సైన్యం ఇంజనీర్ల విభాగం తయారుచేసిన హెచ్‌ఈసీ-రాస్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పనికి ప్రపంచమంతా వాడుతున్నారు. డబ్బు కట్టక్కర్లేదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో సివిల్ విద్యార్థులు ప్రాజెక్టులకు వాడేది కూడా ఇదే. నేల ఎత్తుపల్లాల పటం కూడా ఉచితమే. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో తీసిన పటం ఒకటి. మన కార్టోశాట్ ఉపగ్రహం తీసిన పటం ఇంకొకటి. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దీన్ని భువన్ వెబ్‌సైట్ ద్వారా ఇస్తుంది.

మరి అన్నీ ఉచితమైతే అడ్డం ఎక్కడ?

గడి పెద్దది, గుంత చిన్నది

మొదటి అడ్డం గడి సైజు. ఈ ఉచిత పటాల్లో ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్లు. మూడు సెంట్ల ఇళ్ల స్థలాలు ఏడు అందులో పడతాయి. ఆ 22 సెంట్లకూ కలిపి ఒక్కటే ఎత్తు రాస్తారు. వాగు వెడల్పు 8 మీటర్లు, గుంత అంచు కట్ట వెడల్పు 3 మీటర్లు అయితే ఆ పటంలో వాగూ కనపడదు, కట్టా కనపడదు. సగటులో కలిసిపోతాయి.

రెండోది పటం తీసిన కాలం. 2000లో తీసిన పటంలో ఆ తర్వాత తవ్విన గుంత ఉండదు. అక్కడ చదును నేల అనే ఉంటుంది. ఆ తర్వాత పోసిన దిబ్బ కూడా ఉండదు. మోడల్ ఆ లేని నేల మీద నీళ్లు పారించి చూపిస్తుంది.

మూడోది నీళ్లే అడ్డం. పటం తీసిన రోజు గుంత నిండి ఉంటే ఉపగ్రహానికి నీటి పైభాగమే కనిపిస్తుంది. కింద 5 మీటర్లుందా 25 మీటర్లుందా తెలియదు. లోతు తెలియకపోతే ఎంత పడుతుందో తెలియదు. ఎంత పడుతుందో తెలియకపోతే ఎప్పుడు పొంగుతుందో తెలియదు.

నాలుగోది, కట్టినవి కట్టినట్టే పనిచేస్తాయని అనుకోవడం. మోడల్‌లో గేటు ఉందంటే అది తెరుచుకుంటుంది, తూము ఉందంటే అందులో నీరు పోతుంది. గుండ్లకమ్మ ప్రాజెక్టులో ఏం జరిగిందో జిల్లా వాసులకు తెలుసు. 2022 ఆగస్టు చివర ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తర్వాత ఇంకో గేటు పోయింది. కాగితం మీద ఉన్న కల్వర్టు నేల మీద పలక ముక్కలతో పూడిపోయి ఉంటే, మోడల్‌కు ఆ సంగతి ఎవరు చెబుతారు?

వాన లెక్కతో ఇంకో తిరకాసు ఉంది. '100 ఏళ్లకోసారి వచ్చే వాన' అనే మాట వింటే మన కాలంలో రాదులే అనిపిస్తుంది. దాని అసలు అర్థం, ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం 100లో ఒకటి అని. 30 ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్న కుటుంబానికి ఆ వాన కనీసం ఒకసారి చూసే అవకాశం 26 శాతం. నాలుగిళ్లలో ఒక ఇల్లు అనుకోవచ్చు. పైగా ఆ లెక్క పాత వానల రికార్డు మీద కట్టింది. సముద్రం వేడెక్కి తుపాన్ల వాన పెరుగుతున్న కాలంలో పాత రికార్డు సరిపోతుందని గట్టిగా చెప్పే శాస్త్రవేత్త ఎవరూ లేరు.

హనుమంతునిపాడు ఎందుకు?

మార్కాపురం గుంతలు మార్కాపురంలో ఉన్నాయి, హనుమంతునిపాడుకేం అని అడగొచ్చు. మాట నిజమే. ఆ పలకల గుంతల నీళ్లు ఇక్కడికి రావు. కానీ పెద్ద పేరున్న గనుల గురించి ఎప్పుడో ఒకప్పుడు ఎవరైనా అధ్యయనం చేస్తారు. ఎవరూ చేయనిది ఇలాంటి మండలాల్లోనే. వెలిగొండ కొండల వాలు మీద నుంచి వచ్చే వాగులు, వాటి మీద వరసగా చిన్న చెరువులు, మధ్యలో గ్రావెల్ తీసిన గుంతలు, ఇటుకల కోసం లోతుగా తవ్విన చెరువు కడుపులు. ఒక్కొక్కటీ చిన్నదే. వరసలో పైది తెగితే కిందిది ఆగదు. గొలుసు చెరువుల గురించి రైతులకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇంకో మార్పు కూడా దగ్గరికొస్తోంది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు నల్లమల కింద రెండు సొరంగాల్లోంచి తెచ్చి ఈ కరువు నేలకు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఆ నీళ్ల కోసం ఇక్కడి జనం మూడు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నారు, రావాలి కూడా. కానీ కాలువల్లో నీళ్లు పారి పొలాలు తడిస్తే భూగర్భ జలం పైకొస్తుంది. ఇవాళ ఎండి ఉన్న గుంతలు రేపు సగం నిండి ఉంటాయి. పైన చెప్పిన లెక్క గుర్తుంది కదా, ఖాళీ గుంత వేరు, నిండిన గుంత వేరు. ఇవాళ్టి కరువు చూసి వేసిన మోడల్ రేపటి తడి నేలకు సరిపోదు. కాలువలు తవ్వేటప్పుడే పాత గుంతల లెక్క తీస్తే ఖర్చు తక్కువ, తర్వాత తీస్తే ఎక్కువ.

బాధ్యత ఎవరిది?

గని మూసేటప్పుడు ఏం చేయాలో చెప్పే 'మూసివేత ప్రణాళిక'ను ప్రధాన ఖనిజాలకు 2003లో తప్పనిసరి చేశారు. అంతకు ముందే వదిలేసిన గుంతలకు అలాంటి కాగితం లేదు. 5 హెక్టార్ల లోపు చిన్న లీజులకు పర్యావరణ అనుమతి కూడా చాలాకాలం అడగలేదు. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాకే చిన్న ఖనిజాల లీజులకూ అది తప్పనిసరైంది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్న ఖనిజాల జాబితాలోకి మార్చింది. వాటిలో పలక రాయి ఒకటి. అప్పటి నుంచి దాని నియమాలు రాష్ట్రం చేతిలో ఉన్నాయి.

ఇలా చట్టం మారిన ప్రతిసారీ కొత్త గనికి షరతులు పెరిగాయి. పాత గుంత మాత్రం ఎవరి పద్దులోకీ రాలేదు. లీజుదారుడు లేడు, కంపెనీ లేదు, కొన్నిచోట్ల సర్వే నంబరు కూడా చేతులు మారింది. వ్యాపారంలో దీన్ని రాని బాకీ అంటారు. తేడా ఏమిటంటే ఇక్కడ బాకీ కట్టేది వాగు కింద ఇల్లున్నవాడు.

డబ్బు అసలు లేదని చెప్పడానికి వీల్లేదు. గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాల కోసం 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. చిన్న ఖనిజాల నుంచి కూడా ఈ వాటా వసూలు చేసే అధికారం చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. 2005 విపత్తు చట్టం ప్రకారం జిల్లా ప్రణాళికను ఏటా సరిచూడాలి. వదిలేసిన గుంతలను ఆ ప్రణాళికలో ఒక పట్టికగా చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త నిధీ అక్కర్లేదు.

కొలతలు కూడా కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో ఊళ్లకు ఊళ్లు ఫోటోలు తీశారు. హద్దుల కోసం తీసిన ఆ ఫోటోల నుంచే 22 సెంట్ల గడి కాకుండా గజం, అరగజం తేడా తెలిసే ఎత్తుపల్లాల పటం తయారు చేయొచ్చు. ఒక శాఖ దగ్గర ఉన్నది ఇంకో శాఖ అడిగి తీసుకోవాలి, అంతే.

ఊరు ఇవ్వగలిగింది ఊరే ఇవ్వాలి

ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి. కానీ మోడల్‌కు కావాల్సిన కొన్ని వివరాలు ఏ ఉపగ్రహం దగ్గరా లేవు, ఊళ్లోనే ఉన్నాయి. గనిలో పనిచేసిన పెద్దమనిషికి గుంత ఎన్ని నిట్రాళ్ల లోతో గుర్తుంటుంది. ఏ ఏడాది వానకు నీళ్లు ఏ గడప దాకా వచ్చాయో అమ్మమ్మ చెబుతుంది. ఏ దిబ్బ కింద నుంచి వానాకాలం ఊట వస్తుందో గొర్రెల కాపరికి తెలుసు. ఆ తరం వెళ్లిపోతే ఆ లెక్క కూడా వెళ్లిపోతుంది.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు.

ఒకటి, జాబితా. ఊరి పొలిమేరలో ఉన్న ప్రతి పాత గుంత, ప్రతి దిబ్బ. ఫోన్‌లో లొకేషన్, ఒక ఫోటో, పొడవు వెడల్పు అడుగులతో కొలత. డిగ్రీ చదివే పిల్లలు రెండు ఆదివారాల్లో చేసే పని.

రెండు, కొలకర్ర. గుంత అంచున గుర్తులు గీసిన కర్ర లేదా రాతి మీద రంగు గీత. సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు వారానికోసారి నీటి మట్టం రాయడం. నీళ్లలోకి దిగకుండా దూరం నుంచే చూడాలి, పిల్లల్ని పంపకూడదు.

మూడు, దరఖాస్తు. గనుల శాఖ జిల్లా ఆఫీసుకు సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు. మండలంలో గడువు తీరిన, రద్దయిన లీజులు ఎన్ని, సర్వే నంబర్లు ఏవి, మూసివేత పనులు ఏవి జరిగాయి అని. జవాబు వస్తే జాబితాకు బలం. 'మా వద్ద సమాచారం లేదు' అని వచ్చినా అది కూడా గ్రామసభలో పెట్టాల్సిన కాగితమే.

నాలుగు, మన చోట్లు మనం చూసుకోవడం. చాలా ఊళ్లలో కబరస్తాన్, ఈద్గా ఊరి చివర, వాగు పక్కనో చెరువు కిందో ఉంటాయి. వాగు దారి మారితే ముందు కోతపడేది అవే. 2025లో వచ్చిన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల నమోదుకు జియో ట్యాగులు అడిగారు. అవి తీసి పెట్టుకున్న కమిటీల దగ్గర కొలతలు ఉన్నట్టే. వాటికి ఎగువన ఏ గుంత ఉంది, నీరు ఎటు వస్తుంది అని ఒక గీత గీస్తే అదే ఆ ఊరి మొదటి వరద పటం. గుడి మాన్యం కిందైనా, చర్చి పక్కనైనా, ఎస్సీ కాలనీ పైనైనా లెక్క ఇదే. వాగు ఎవరి ఇల్లని అడిగి రాదు కాబట్టి ఈ జాబితా ఒక మొహల్లాది కాదు, ఊరందరిదీ.

పూడ్చాలా, వాడుకోవాలా?

చివరగా ఒక జాగ్రత్త. గుంతలన్నీ పూడ్చేయాలి అనే నినాదం వినడానికి బాగుంటుంది, కానీ తాగునీటికి అల్లాడే ప్రాంతంలో అది తొందరపాటు. సింగరేణి తన గనుల నీటిని శుద్ధి చేసి తాగడానికి, సాగుకు ఇస్తోంది. ఇక్కడ కూడా నీరు పరీక్ష చేయించి, అంచు బలపరిచి, కంచె వేసి, పొంగిన నీరు వాగులోకి పోయేలా రాతి అలుగు కడితే కొన్ని గుంతలు చెరువులుగా మారతాయి. కొన్నిటిని పూడ్చక తప్పదు. కొన్ని దిబ్బలను వాగు నుంచి వెనక్కి జరపాలి. ఏది ఏదో తేల్చడానికే మోడల్ కావాలి. భయపెట్టడానికి కాదు, ఉన్న కొద్ది డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి.

650 ఏళ్ల కింద చెరువు కట్టినవాళ్లు ఆరు దోషాలు రాతి మీద చెక్కి పెట్టారు, తర్వాతి వాళ్లు తప్పు చేయకూడదని. మన కాలం తవ్విన గుంతల గురించి ఒక కాగితం మీద కూడా రాసి లేదు. తర్వాతి తుపాను బంగాళాఖాతంలో పుట్టే లోపు హనుమంతునిపాడు మండలంలో ప్రతి ఊరికీ ఒక జాబితా ఉంటే కంప్యూటర్ తన పని తాను చేస్తుంది. జాబితా లేకపోతే ఆ లెక్క వాగు కడుతుంది. వాగు కట్టే లెక్కలో సవరణకు వీలుండదు.